సద్దుల నాటి కిటికీలు

ఆ ఏడు మా కాలనీలో బతుకమ్మ పూలను బ్లీచింగ్ నీళ్ళలో ముంచారు. నవ్వకండి. కరోనా వచ్చిన మొదటి ఏడు అది, తెలివైనవాళ్ళందరిదీ అదే రకం తెలివి. నాదర్‌గుల్ అవతల పొలం గట్ల మీద కోయించుకొచ్చిన తంగేడు, గునుగు పూలను మా ఆయన దగ్గరుండి డ్రమ్ములో ముంచి తీయించాడు. తంగేడు పసుపు దిగిపోయింది. గునుగు గోనెసంచి రంగుకు తిరిగింది. మా అత్త అరుణమ్మ గంప ముందు కూర్చుని ఒక పువ్వు తీసి, వాసన చూసి, అవతల పారేసింది.

"సచ్చిన పువ్వును నేనేం పేరుస్తరా?"

"పూల మీద వైరస్ ఉంటదమ్మా. ఎంతమంది చేతులు పడ్డయో ఏమో."

"పువ్వు దగ్గుతదా, తుమ్ముతదా?"

 మా ఆయన ఇంకో గంప ముంచమని పనివాళ్ళ మీద అరిచాడు.

మా ఆయన రామచంద్రం కాలనీ సంఘం అధ్యక్షుడు. మన్సూరాబాద్ పక్కన మా మామ దున్నిన చేలే ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీ అయ్యాయి, కాలనీకి మా ఆయన పెద్దమనిషి అయ్యాడు. నేను ఆ పెద్దమనిషికి తలనొప్పిని. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా పేపర్లలో, కరపత్రాల్లో, ధర్నాల్లో. మురుగు నాలా పూడిక తీయలేదని వార్డు ఆఫీసు గేటుకు అడ్డం కూర్చున్నది నేనే. సంఘం మీటింగుకు నేను వస్తే "ఆండాలమ్మ ఒచ్చింది, చాయ్ జల్ది తాగున్రి" అనేవాళ్ళు. మొగుడు సర్కారు, పెళ్ళాం ప్రతిపక్షం అని వెనక నవ్వేవాళ్ళు. నవ్వనీ. నేను మాట్లాడకుండా ఉంటే నాలా దానంతట అదే శుభ్రమవుతుందా?

మా అత్త సంగతి వేరు. ఆమెను చూసి ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. డెబ్బై దాటినా ఈ చుట్టుపక్కల బతుకమ్మ పాట ఆమెదే. చిన్నవాళ్ళకు మొదటి నాలుగు వరసలు వస్తాయి, ఆ తర్వాత ఫోను తీస్తారు. ఆమెకు ఫోను అక్కర్లేదు. ఏ చెల్లెలు ఏ వాగు దాటింది, ఏ అన్న ఏ చీర పెట్టాడు, ఎవరు ఎందుకు ఏడ్చారు, అంతా ఆమె గొంతులో వరసగా ఉంది. ఇంకెక్కడా లేదు. రాసుకుంటామంటే ఒప్పుకునేది కాదు. "తిరుక్కుంట నేర్సుకోవాలె" అనేది.

అలా తిరుగుతూ నేర్చుకున్నది ఒక్కతే, మా పైఅంతస్తులో కిరాయికున్న విజయదుర్గ. భీమవరం పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. ఆ రోజుల్లో క్లాసులు లేవు గనుక పొద్దున మెట్రో ఎక్కి పోయి, ఖాళీ గదిలో బోర్డు ముందు నిలబడి, కెమెరాకు పాఠం చెప్పి వచ్చేది. సాయంత్రం మా అత్త డాబా మీదికి ఎక్కితే వెనకే ఎక్కేది. ఇద్దరూ నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగేవాళ్ళు.

"గట్ల గాదు బిడ్డా. నువ్వు బస్సెక్కుతున్నట్టు అడుగేస్తున్నవ్. వంగు, చప్పట్లు కొట్టు, లే."

"మా వైపు ఇలా తిరగం మామ్మగారూ. కూర్చుని పాడుకుంటాం."

"నువ్ కూసుంటే పాట గూడ కూసుంటది. లే లే."

వచ్చే ఏడాదికి ఈ ఆంధ్ర పిల్ల తన పక్కన నిలబడి పాట చెప్తుందని మా అత్త అందరితో అనేది. మా కూతురు పల్లవి మూతి ముడుచుకునేది. "నేర్సుకుంటవా అంటే నువ్వే పారిపోతివి గదనే" అనేది మా అత్త మనవరాలితో.

ఇక పండుగకు ముందు జరిగింది చెప్పాలి.

గుంపులు కూడొద్దని పోలీసులు అన్నారు. అయితే సంఘం హాల్లోనే ఆడుకుందాం అని మా ఆయన తీర్మానం పెట్టాడు. హాలు నేల మీద ఆరడుగులకొకటి చొప్పున ముగ్గుపిండితో గుండ్రాలు గీయించాడు. ఒక్కో ఆడమనిషి ఒక్కో గుండ్రంలో నిలబడి బతుకమ్మ ఆడాలట. తిరగకుండా! గుమ్మం దగ్గర శానిటైజరు. నుదుటికి జ్వరం చూసే గన్ను. పైగా ఆ హాలుకు ఎండాకాలం ముందే మా మామ జ్ఞాపకార్థం ఏసీ పెట్టించాడు, మామ పేరు ఎర్రరంగుతో రాయించి మరీ. లాక్‌డౌన్ వల్ల ఆ ఏసీ ఒక్కరోజూ నడవలేదు. అది నడవాలని ఆయన కోరిక.

నేను మీటింగుకు పోయాను. వాళ్ళు కుర్చీలు దూరం దూరం వేసుకుని కూర్చున్నారు. నేను కిటికీలన్నీ మూసి, మూలన మూకుడులో నిప్పులు పెట్టి సాంబ్రాణి ఊదు వేశాను.

"ఏంది వదినా, పూజనా?" అన్నాడు కార్యదర్శి చక్రపాణి.

"పూజనే. కూసో."

కాసేపటికి ఒకాయన కళ్ళు నులుముకున్నాడు. ఇంకొకాయన దగ్గాడు. మా ఆయన లేచి కిటికీ వైపు నడిచాడు.

"నిలబడు" అన్నాను. "ఆరడుగుల దూరంల కూసున్నరు గద. పొగ మీ దాంక ఎట్లొచ్చింది? మనిషి నోట్లకెల్లి ఒచ్చే గాలి గూడ గింతే. కనిపిస్తలేదు, గంతే తేడా. ఉత్తగ ఊపిరి తీస్తె కొంచెం ఒస్తది, మాట్లాడితే ఎక్కువ ఒస్తది, పాట పాడితే ఇగ చెప్పొద్దు. మూసిన రూముల మాటలు ఆగుతయేమో, గాలి ఆగదు, అండ్లనే తిరుగుతది."

"పొగ వేరు, వైరస్ వేరు వదినా. వైరస్ అంటే తుంపర. నోట్లకెల్లి రాంగనే కింద పడుతది. టీవీల చెప్పిన్రు."

"పెద్ద తుంపర పడుతది. సన్నది పడదు, తేలుతది."

"నీకెవరు చెప్పిన్రు?"

పేపర్లో చదివాను. సగం అర్థమైంది, మిగతా సగం విజయదుర్గ చెప్పింది. ఆ సంగతి పెద్ద పెద్ద సంస్థలే అప్పటికి ఒప్పుకోవడానికి నసుగుతున్నాయని కూడా ఆమే చెప్పింది. నాకూ ఖాయంగా తెలియదు. కానీ ఖాయంగా తెలిసేదాకా ఆగితే మన చేతిలో మిగిలేది పాడె. అదే అన్నాను. చక్రపాణి దగ్గుతూ పోయి కిటికీలు తెరిచాడు. ఊదు పొగ బయటికి పోతుంటే అందరూ చూశారు.

ఆ రోజు నేను గెలిచాను. కాలనీ వెనక ఖాళీ స్థలంలో, ఆకాశం కింద, తక్కువమందితో, పొద్దుండగానే ఆడుకోవడానికి సంఘం ఒప్పుకుంది. పోలీసుల దగ్గరికి పోయి నోటిమాటగా సరే అనిపించుకొచ్చింది కూడా నేనే. మా అత్త నా తల మీద చెయ్యి పెట్టి "మొత్తానికి సాధిస్తివి" అంది. ఆమె నన్ను మెచ్చుకోవడం అరుదు.

పండుగ ఇంకా మొదలుకాకముందే ఆ వాన పడింది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్నవాళ్ళెవరూ ఆ వానను మరచిపోరు. సరూర్‌నగర్ చెరువు పొంగి ఇళ్ళల్లోకి నడిచివచ్చింది. గల్లీల్లో పడవలు తిరిగాయి. మా ఖాళీ స్థలం నడుములోతు బురదగుంట అయ్యింది. ఆ గుంట ఒడ్డున నిలబడి నేను తిట్టని దేవుడు లేడు.

మళ్ళీ హాలే గతి అయ్యింది. అయితే నా షరతులు పెట్టాను. కిటికీలు, తలుపులు బార్లా తెరిచి ఉండాలి. మూతికి గుడ్డ తీయకూడదు. గుండ్రాలు చెరిపేసి తిరగనివ్వాలి. సరేనన్నారు. మొదటి రోజుల్లో అలాగే జరిగింది. గాలికి దీపాలు ఆరేవి, మళ్ళీ వెలిగించుకునేవాళ్ళు. గుడ్డలోంచి మా అత్త గొంతు సరిగా వినపడక వెనకవాళ్ళు ఒక వరస తప్పి ఇంకో వరస అందుకునేవాళ్ళు, నవ్వులు పడేవి. రోజులు బాగానే గడిచాయి.

పండుగ ఆఖరి రోజు, సద్దుల నాటి పొద్దున, మా ఆయన గొంతు పట్టుకుని లేచాడు. మింగుడు పడటం లేదన్నాడు. మిరియాల పాలు కాచి ఇచ్చాను.

"ఇయ్యాల హాలు దిక్కు పోకు" అన్నాను.

ఆయన గన్ను తీసి తన నుదుటికే పెట్టుకున్నాడు. "సూడు, నార్మల్. వాన నీళ్ళల్ల తిరిగితి గద, గొంతు పట్టింది. అధ్యక్షుడు లేకుంట సద్దులు అయితయా? ప్రైజులు ఎవలిస్తరు?"

"జరం లేకుంట గూడ ఉంటదంటున్నరు."

"నీకు అన్నిట్ల అనుమానమే. నీళ్ళు పోసుకునొస్త, మల్ల మల్ల గీ పంచాయితి పెట్టకు."

నేను సరూర్‌నగర్ వైపు మునిగిన గల్లీలకు పోవాలి. బియ్యం, దుప్పట్లు పంచే పని ఒప్పుకున్నాను. పల్లవికి చెప్పి పోయాను, కిటికీలు చూసుకో అని.

తిరిగి వచ్చేసరికి పొద్దుగూకుతోంది, వాన మళ్ళీ మొదలైంది. హాలు దగ్గరికి వస్తుంటే పాట వినపడింది, కానీ దుప్పటి కప్పినట్టు వినపడింది. తల ఎత్తి చూశాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టి ఉంది. అంతమంది ఊపిరి ఆ అద్దాల మీద నీళ్ళై కారుతోంది. లోపల మా మామ పేరున్న ఏసీ గుర్రుమంటోంది.

తలుపు తోసుకుని పోయాను. పట్టుచీరల ఆడవాళ్ళు కిక్కిరిసి తిరుగుతున్నారు. మధ్యన మా అత్త పెద్ద పాట ఎత్తుకుంది. మూతిగుడ్డ మెడలోకి జారి ఉంది. ఆమె ఒక వరస చెప్తే అందరూ గొంతులు పగిలేలా అందుకుంటున్నారు. ఆమె వెనకే విజయదుర్గ, అడుగు ఒక్కటి తప్పడం లేదు. పక్కన కుర్చీ ఎక్కి మా ఆయన మైకు సర్దుతున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు.

"కిటికీలెవరు మూసిన్రు?"

"జల్లు కొడుతుందమ్మా, దీపాలన్నీ ఆరినయ్, పూలు తడుస్తున్నయ్" అంది పల్లవి. "మూస్తే ఉక్కపోసింది. నాయిన ఏసీ ఏసిండు. నానమ్మ గూడ ఎయ్యమంది, తాత పేరు మీదిది గద అని."

నేను పోయి ఒక కిటికీ తెరిచాను. వాన జల్లు సూటిగా వచ్చి బతుకమ్మల మీద పడింది, ముందు వరస దీపాలు ఆరిపోయాయి. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. ఎవరో నా వెనక నుంచే కిటికీ లాగి మూశారు. నేను మా అత్త వైపు తిరిగి నోరు తెరిచాను. ఆమె పాట ఆపలేదు. సద్దుల నాడు ఎత్తుకున్న పాటను మధ్యలో తెంపితే అరిష్టమని ఆమె నమ్మకం. నా వైపు చెయ్యి ఒకసారి ఊపింది. పక్కకు జరుగు అని.

ఆ గొంతు అంత బాగా నేనెప్పుడూ వినలేదు. అది కూడా చెప్పాలి.

నేను తలుపు తెరిచి, అది మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను. పాట అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఆ తర్వాత మా ఆయన మైకులో ప్రసంగించాడు, బహుమతులు పంచాడు, మధ్య మధ్య నీళ్ళు తాగాడు.

వారం తిరక్కముందే కాలనీలో ఇంటింటా దగ్గు వినపడింది. మా ఆయనకు గొంతు తగ్గిపోయింది, ఆయన బాగానే ఉన్నాడు. మా అత్త పడిపోయింది. ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని "ఆండాలూ... ఊపిరి... అందుతలేదే" అంది. ఆ మూడు మాటలకు రెండుసార్లు ఆగింది. ఒక్క ఊపిరిలో నాలుగు వరసలు చెప్పే మనిషి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక ఒక దవాఖానలో మంచం దొరికింది. లోపలికి నన్ను రానివ్వలేదు. మెట్ల కింద, స్కూటర్ల స్టాండు పక్కన చాప వేసుకుని ఉన్నాను.

బట్టల కోసం ఒకరోజు ఇంటికి వచ్చాను. మా గేటు ముందు చక్రపాణి, ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. పైమెట్ల మీద విజయదుర్గ, మొహానికి గుడ్డ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకూ జ్వరమే.

"రోజూ మెట్రోల పోయేది ఈమె ఒక్కతే" అంటున్నాడు చక్రపాణి. "ఈమె తెచ్చి అంటించింది. పెద్దమ్మ పక్కకే నిలబడి ఆడింది, అందరం చూసినం. ఖాళీ చెయ్యాలె."

"నాకు జ్వరం వచ్చింది మీ అందరి తర్వాతేనండీ" అంది విజయదుర్గ. 

నేను మా ఆయన వైపు చూశాను. చెప్తాడనుకున్నాను. గుమ్మంలో నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు.  ఎంత ఆగాలో అంత ఆగాను.

"సద్దుల నాడు పొద్దున గొంతు నొచ్చింది మా ఇంట్ల మనిషికి" అన్నాను. "మిరియాల పాలు కాచింది నేను. ఆయన మైకు పట్టుకున్నది మీరే చూసిన్రు. ఎవరి నోట్లకెల్లి ఒచ్చిందో నేనైతే ఒట్టేసి చెప్పలేను, మీరూ చెప్పలేరు. కిటికీలు మూసినందుకు ఆ గాలి అందరికీ పంచినట్టయింది. ఈ పిల్లనెందుకు పట్టుకుంటరు?"

"గన్నుల నార్మల్ ఉండే" అన్నాడు మా ఆయన, నేల చూస్తూనే.

చక్రపాణి నవ్వాడు. మంచిగానే నవ్వాడు. "వదినా, గిది మీ మొగుడూ పెండ్లాల పంచాయితి. మీకు ఎప్పుడు ఉండేదే. దవాఖానల పెద్దమ్మను చూస్కో పో."

ఇన్నేళ్ళుగా ప్రతిదానికీ అరిచినదాన్ని. నా అరుపు వాళ్ళకు వీధి చివర జనరేటర్ మోత లాంటిది, అలవాటైపోయింది. ఆ రోజు నేను చెప్పింది నిజమా కాదా అని ఒక్కరూ ఆలోచించలేదు. మళ్ళీ ఆండాలమ్మ మొదలుపెట్టింది అనుకున్నారు, అంతే.

విజయదుర్గ మెట్ల మీద నుంచి "వదిలేయండి ఆంటీ. మామ్మగారికి ఎలా ఉంది?" అంది.

"ఊపిరి మిషను పెట్టిన్రు" అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి పోయింది. ఖాళీ చేయాల్సిన అవసరం లేదని, నేనుండగా ఎవడూ నిన్ను కదిలించలేడని పైకి అరిచాను. తర్వాత దవాఖాన నుంచి ఫోను వస్తే బట్టల సంచి పట్టుకుని పరుగెత్తాను. మర్నాడు పల్లవి ఫోన్ చేసింది. ట్రాలీ ఆటో వచ్చిందట. విజయదుర్గ జ్వరంతోనే సామాను తనే దించుకుందట, ఎవరూ చెయ్యి వేయలేదట. అల్మాస్‌గూడలో ఎవరో స్నేహితురాలి ఇంటికి పోయిందట. "నాయిన అడ్వాన్సు వాపస్ ఎక్కువే ఇచ్చిండమ్మా" అంది పల్లవి. ఫోను పెట్టేశాను.

దీపావళి పోయాక మా అత్త ఇంటికి వచ్చింది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కులో గొట్టం. మంచం నుంచి బాత్రూం దాకా నడిస్తే కూర్చుని ఆయాసపడేది. డాక్టరు మెల్లగా తగ్గుతుందన్నాడు, పూర్తిగా తగ్గుతుందని అనలేదు. ఆమె పాట ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఆమెకు అన్నం కలిపి పెడుతున్నాడు. రెండు ముద్దలు తిని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంధ్ర పిల్ల... ఏది?"

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఇల్లు మారింది అమ్మా."

"ఎందుకు?"

ఆయన తల దించుకున్నాడు. నేను చెప్పేదాన్నే, అన్నీ వరసపెట్టి చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. కానీ ఆమె నా వైపు చూడటం లేదు, కొడుకునే చూస్తోంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు అన్నం పళ్ళెంలో పడ్డాయి. నోటితో చెప్పలేదు గాని ఆమెకు అందింది. తొమ్మిది నెలలు మోసిన మనిషికి ఇంకా ఏం చెప్పాలి?

"ఫోన్... చెయ్యి" అంది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నంబరు నొక్కాడు. అవతల ఎత్తగానే ఆయన ఫోను నాకు ఇచ్చాడు. నేను మా అత్త చెవి దగ్గర పెట్టాను, స్పీకర్ వేశాను.

"చెప్పండి అంకుల్. మామ్మగారు ఎలా ఉన్నారు?" అంది విజయదుర్గ.

"బిడ్డా..." అంది మా అత్త. ఇంకో మాట కోసం గాలి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. "మా ఇంట్లకెల్లే..." అంది, అక్కడికి ఆగిపోయింది. ఆ తర్వాత మాట లేదు, ఉత్త ఊపిరే ఫోనులోకి పోతోంది. ఈల వేసినట్టు, గరగరమంటూ, పోతోంది, వస్తోంది. 

"మాట్లాడకండి మామ్మగారూ" అంది విజయదుర్గ. "ఆయాసపడకండి. నేనెక్కడికీ పోను. వింటున్నాను."

మా అత్త కళ్ళు మూసుకుంది. మా ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఫోను పెట్టేయమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అవతల ఆమె కూడా పెట్టలేదు.